రెండు సీసాల పొత్తు

నిరోష ఎడమ కాలు పుట్టినప్పటి నుంచే నీలంగా ఉబ్బి ఉంది. పిల్లతో పాటు ఆ ఉబ్బూ ఎదిగింది. కడుపుతో ఉండి గ్రహణం నాడు బయటికొచ్చావని అత్త ఆడిపోసుకుంటుంటే తల్లి అండాలు ఇన్నేళ్లూ తల వంచుకుంది. పట్నం దవాఖానలో డాక్టరమ్మ వేరే మాట చెప్పింది. కాలి రక్తనాళాల్లో ఒక జన్యువు చెడిందట. అది తల్లి నుంచీ రాలేదు, తండ్రి నుంచీ రాలేదు. దాన్ని అదుపు చేసే కొత్త మందును పిల్లల మీద పరీక్షిస్తున్నారట.

"మాది గాకుంటే, గ్రహణానిది గాకుంటే మరి తప్పు ఎవలదమ్మా?"

"ఎవరిదీ కాదమ్మా."

ఆ జవాబు అండాలుకు అత్త తిట్లకన్నా అయోమయంగా తోచింది. ఇంకో చిక్కు కూడా ఉంది. సగం మందికి అసలు మందు, సగం మందికి అలాంటిదే ఉత్త గోలీ. ఎవరికేది వచ్చిందో డాక్టరమ్మకే తెలియదు! ఇదేం వైద్యమో ఏమో. ఒకరి గోలీలు ఒకరికి ఇవ్వొద్దని మాత్రం గట్టిగా చెప్పి పంపింది.

వరండాలో కొల్లాపూర్ మల్లిక కలిసింది. ఆమె కొడుకు రిత్విక్‌కు చేతి మీద ఇదే జబ్బు, ఇవే గోలీలు.

"సగం సగమంటే మనిద్దర్ల ఒకరికి అసలుది వచ్చినట్టే గదా అక్కా?"

అండాలుది నార్కట్‌పల్లి పక్క ఊళ్లో గొర్రెలు కాసే ఇల్లు. తల్లి చచ్చిన గొర్రెపిల్లకు వేరే గొర్రె పాలు తాపడం ఆమెకు అలవాటైన పని. పాలు చాలకపోయినా రెండు పిల్లలూ బతుకుతాయి.

"కలిపేద్దం చెల్లే. ఇద్దరికీ ఇంతంత అందుతది," అంది. రెండు సీసాలూ కొంగులో కుమ్మరించి, కలిపి, చెరిసగం నింపుకున్నారు. నెలనెలా అదే పొత్తు.

నిరోషకు నొప్పి తగ్గింది. ఎడమ కాలు మొదటిసారి చెప్పులో పట్టింది. అండాలు సంబరానికి అంతులేదు. అంతలో మల్లిక ఏడుస్తూ ఫోన్ చేసింది. రిత్విక్‌కు నోరంతా పుండ్లు, ముద్ద మింగలేకపోతున్నాడు.

"కలిపినమని చెప్తే ఇద్దరికీ మందు బంద్ జేస్తరేమో. నువ్వెట్లంటే గట్లనే అక్కా."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. తన బిడ్డ నడుస్తోంది, ఆమె బిడ్డ తినడం లేదు. ఏది న్యాయమో తేలక ముందే అండాలు బస్సెక్కేసింది. డాక్టరమ్మకు అంతా చెప్పేసింది.

డాక్టరమ్మ తిట్టలేదు. పిల్లవాడి కోసం ఎవరికి ఏ గోలీ వచ్చిందో ఆ గుట్టు విప్పించాలని చెప్పి లోపలికి వెళ్లింది. చాలాసేపటికి తిరిగొచ్చింది.

"రెండు సీసాల్లోనూ అసలు మందే ఉందమ్మా."

"సగమన్నరు గదా?"

"మొత్తం పిల్లల్లో సగం. ప్రతి ఇద్దరిలో ఒకరని కాదు. రిత్విక్ పుండ్లు ఈ మందు వల్లే, ఆపితే మానిపోతాయి. కానీ గోలీలు కలిపారు కాబట్టి నియమం ప్రకారం నిరోషను కూడా పరీక్ష నుంచి తీసేయాలి. ఈ మందు బయట దొరకదు."

కలిపినా కలపకున్నా ఇద్దరు పిల్లలూ మింగింది ఒకటే మందు.

"గట్లయితే నేను చెప్పకుంటేనే నా బిడ్డకు మంచిగుండెనా అమ్మా?" అని అడిగింది.