ఇనుమును పిలిచే పాటలు

ఆదివారం చర్చి నుంచి రాగానే ప్రభుదాస్ అంగీ విప్పి కొక్కానికి తగిలించి, టేప్ రికార్డర్‌లో క్యాసెట్ పెట్టేవాడు. ఎనభైల్లో, బొగ్గు బాయిలో కొత్తగా పనికి చేరినప్పుడు, కాజీపేట స్టేషన్ ముందు కొన్న ఇంగ్లీషు క్యాసెట్ అది. పాటల్లో ఏమంటున్నారో అతనికి తెలియదు. రెండు గిటార్లు ఒకదాన్నొకటి తరుముకునేవి, డ్రమ్ములు దడదడలాడేవి, పాడేవాడు గొంతు చించుకునేవాడు. బొగ్గు మిషన్ల మోత చెవుల్లోంచి పోవాలంటే అంతకన్నా పెద్ద మోత కావాలనేవాడు ప్రభుదాస్. పెళ్లయ్యాక దాన్ని పెట్టె అడుగున పడేశాడు. భార్య పోయి, తనూ రిటైరయ్యాక మళ్లీ బయటికి తీశాడు.

అది మోగితే భూపాలపల్లి కార్మికుల కాలనీలో ఆ వీధి ఇనుమంతా అతని గడపకు నడిచొచ్చేది. ఎదురింటి కత్తిపీట, ఎవరిదో సైకిలు, పక్కింటి యాకమ్మ పెంక. పాటలయ్యాక ఎవరివి వాళ్లు తీసుకుపోయేవారు.

"జర చిన్నగ పెట్టు అన్నా, రొట్టె కాలకముందే పెంక లేసొస్తున్నది" అనేది యాకమ్మ. అంతకుమించి ఎవరూ ఏమీ అనేవారు కాదు.

సిగ్గంతా అతని ఒక్కగానొక్క బిడ్డ ప్రవళికదే. కలెక్టరాఫీసులో ఆమెకు ఈ మధ్యే ఉద్యోగం వచ్చింది. ఆ మోత, బనీను మీద వాకిట్లో తిరిగే తండ్రి, బాయిలో కప్పు కూలినప్పటి నుంచి వంగిపోయిన అతని నడుము, ఏవీ ఆఫీసువాళ్ల కంటబడకూడదనుకునేది. ఆఫీసులోని విజయలక్ష్మి మేడం, స్రవంతి ఒక ఆదివారం భోజనానికి వస్తామన్నప్పుడు, ఆ పూట క్యాసెట్ ముట్టుకోవద్దని తండ్రికి పదేపదే చెప్పింది. వెనక గదిలోనే ఉంటానన్నాడతను.

పప్పుచారు వడ్డిస్తుండగా వెనక గదిలో గిటార్లు లేచాయి. గేటు దగ్గరున్న స్రవంతి స్కూటీ మెట్లెక్కి వచ్చింది. మేడం తలలోని పిన్నులు ఎగిరిపోయి ఆ గది గొళ్లేనికి అంటుకున్నాయి. మేడం జుట్టు ముడేసుకుంటూ మొహం చిట్లించింది.

"ఎవరమ్మా లోపల? ఏంది గా లొల్లి?"

ప్రవళిక గరిటె వైపు చూస్తూ చెప్పింది. "కిరాయికుంటడు మేడం. ఎవరూ లేరాయనకు. జర మతి సక్కగ లేదు."

అప్పటికే తలుపు తెరుచుకుంది. బనీను మీద, సగానికి వంగి, గోడ పట్టుకుని నిలబడ్డాడు ప్రభుదాస్. బిడ్డ మాట అతను విన్నాడని ఆమెకు తెలిసింది.

"అవునమ్మా, కిరాయికుంట. బంద్ చేస్త" అని లోపలికి పోయాడు. పాట ఆగింది.

వాళ్లు తిని, మాట్లాడి, వెళ్లిపోయారు. ఏం మాట్లాడారో ప్రవళిక చెవికెక్కలేదు. గది తలుపు తోయడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

ప్రభుదాస్ మంచం మీద బోర్లా పడుకుని దిండు కొరుకుతున్నాడు. వెన్ను మధ్యలో, తోలు కింద, ఏదో నల్లగా పొడుచుకొచ్చి ఉంది. కప్పు కూలిననాడు దిగిన ఇనుప ముక్క. కోస్తే కాళ్లు పడిపోతాయని దవాఖానలో వదిలేశారు. లోపల ఒకటి ఉండిపోయిందన్న సంగతే ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు.

"పాటలు ఇన్నప్పుడల్లా రవ్వంత పైకొస్తున్నది బిడ్డా. మొత్తం వచ్చినంక చెప్దామనుకున్న. ఇయ్యాల తోలు దాంక వచ్చి మండుతున్నది. నీ మాట మరిచిపోలే. ఓర్వలేక పెట్టిన."

ప్రవళిక పోయి కిటికీలు బార్లా తెరిచింది. టేప్ రికార్డర్‌ను తండ్రి వీపు పక్కన పెట్టి, సౌండు ఆఖరుదాకా తిప్పి నొక్కింది. వీధి వీధంతా అదిరింది. పాడేవాడి అరుపు పైకి, ఇంకా పైకి పోయింది. ఆ అరుపు కొసన తోలు చీలి, ముక్క బయటికొచ్చి స్పీకర్‌కు ఠక్కున తగిలింది. నెత్తురు కొంచెమే వచ్చింది. ఆమె తన చున్నీతో అదిమిపట్టింది.

కాసేపటికి ప్రభుదాస్ లేచి నిలబడ్డాడు. మెల్లగా, ఒక్కో ఎముకా సర్దుకుంటున్నట్టు, నిటారుగా అయ్యాడు. అతను అంత పొడగరి అని ప్రవళికకు గుర్తే లేదు. మొహం చూడాలంటే ఆమె తలెత్తాలి. ఎత్తలేకపోయింది.

"వచ్చినోళ్లకు పెట్టినవు గని, నువ్వు తిన్నవా?" అన్నాడతను పైనుంచి.

ఆమె నేలకేసి చూస్తూనే లేదన్నట్టు తలూపింది. ప్రభుదాస్ వంటింట్లోకి పోయి, ఆమెకు అన్నం పెట్టుకొచ్చాడు.