ఒకటో తారీకు నుంచి అన్ని సిమ్ములూ

ఒకటో తారీకు అన్న మాట మొదట ఎవరి నోట్లోంచి వచ్చిందో వాళ్లు బయటికి రావాలి. టీ కొట్లో పుట్టిందంటే నమ్మేది లేదు. కొట్లో కూర్చున్నవాడికి ఆ మాటతో ఒరిగేదేమీ లేదు. ఒరిగింది ఫోను కంపెనీకి, ఆ ఫోను చేతికిచ్చి మనిషిని పీకేసిన కాంట్రాక్టరుకి, వాడి పక్కన నిలబడి తలూపిన మన మేస్త్రీకి. మీరే. మీరందరూ ఆ సాయంత్రం ఇళ్లకెళ్లి అన్నం తిన్నారు.

తిరుపతిరావు ఆ పొద్దున కూడా కొళాయి దగ్గర గొంతుక్కూర్చుని చేతులు కడుక్కుంటున్నాడు. ఏక్‌బాల్‌పూర్ సందులో ఆరింటికి నీళ్లొస్తాయి. బిందెల వరస పక్కన కూర్చుని మోచేతుల దాకా సబ్బు రుద్దుతాడు. ముఖం సంగతి ఆ తరవాత. యాభై నాలుగేళ్ల మనిషి. పొట్టి. మెడ ఉందో లేదో తెలీదు. చేతులు మాత్రం ఎవరో పొడుగాటివాడివి తెచ్చి అతికించినట్టు మోకాళ్ల దాకా వేలాడతాయి. ఖిదిర్‌పూర్ డాకులో, గంగ ఒడ్డు ఓడరేవులో, ఇరవై ఆరేళ్లు పనిచేసి అరచేతుల్లో కాయల్లేని మనిషి అతనొక్కడే ఉండేవాడు. ఈ నాలుగు నెలల్లో కాశాయి. బొటనవేళ్ల మొదట్లో రెండు, ఉంగరం వేలి కింద ఒకటి. సబ్బు తగిలితే మండుతున్నాయి.

అతను ఓడ మీద సైగలిచ్చే మనిషి. అండమాన్ వెళ్లే ఓడలోకి సిమెంటు బస్తాలూ బంగాళాదుంపలూ క్రేనుతో దింపుతారు. క్రేను డ్రైవరు పైన గదిలో కూర్చుంటాడు. ఓడ కడుపులో ఏముందో అతనికి కనపడదు. ఆ కడుపుని ఇక్కడ ఖోలు అంటారు, పైన దానికి నలుచదరంగా నోరు ఉంటుంది. ఆ నోటి అంచు మీద ఒక మనిషి నిలబడి కిందికి చూస్తూ చేత్తో చెప్పాలి. వేలు తిప్పితే ఎత్తు. అరచెయ్యి కిందికి ఊపితే దించు. పిడికిలి బిగిస్తే పట్టు. రెండు చేతులూ పక్కలకి చాచి అరచేతులు నేలకి తిప్పితే, ప్రపంచంలో ఏది ఎక్కడున్నా అక్కడే ఆగాలి.

పని నేర్పిన ముసలాయన మొదటిరోజే ఒక మాట చెప్పాడు. సైగ ఇస్తున్నప్పుడు కాలు కదపకూడదు. కాలు కదిలితే డ్రైవరు చేతిని మర్చిపోయి మనిషిని చూస్తాడు. తిరుపతిరావు కదపలేదు. ఒకసారి కందిరీగ కుట్టింది, కదల్లేదు. ఒకసారి తాడు తెగి చెవిని రాసుకుంటూ పోయింది. చెవి పైభాగం ఇప్పటికీ సగమే ఉంది. అప్పుడూ కదల్లేదు.

ఇంట్లోనూ మాటలు తక్కువే. చారు చాలంటే పిడికిలి బిగిస్తాడు. కూతుర్ని పిలవాలంటే వేలు తిప్పుతాడు. మాటలకి కూడా మీ కాంట్రాక్టరు కోత పెడతాడేటి అని పెళ్లాం మహాలక్ష్మమ్మ ఇరవై ఏళ్లుగా దెప్పుతూనే ఉంది. పొగమంచులో డ్రైవరుకి చేతులు ఆనడం లేదని విని, ఎర్ర గుడ్డతో తొడుగులు కుట్టింది కూడా ఆవిడే. ఏటా ఒక జత. ఈ ఏడాదివి ఇంకా రంగు పోలేదు.

నాలుగు నెలల కిందట కాంట్రాక్టరు రెండు మోతీ ఫోన్లు తెచ్చాడు. మోతీ తెలియనివాడు ఈ వాడలో లేడు. చవక, పెద్ద అక్షరాలు, రెండురోజులొచ్చే చార్జింగు. చేపలమ్మే ఆవిడ దగ్గర్నుంచి రిక్షా తోలేవాడి దాకా అదే. ఉన్న తంటా ఒక్కటే. అందులో ఒక్క కంపెనీ సిమ్మే పనిచేస్తుంది. ఆ కంపెనీ టవరు ఎక్కడో గంగ అవతల ఉంది. కాంట్రాక్టరు ఒక ఫోను క్రేను గదిలో పెట్టాడు, ఒకటి ఖోల్లో పెట్టాడు. డ్రైవరుతో ఫోన్లో మాట్లాడుకోండి, సైగల మనిషి అక్కర్లేదు అన్నాడు. తిరుపతిరావుని బస్తాలు పేర్చడానికి కిందికి దింపాడు. సొంత ఫోన్లు గేటు దగ్గర సంచిలో వేసి లోపలికి రావాలి, అది రూలు.

పైన గదిలో మోతీకి టవరు వస్తుంది. ఇనుప గోడల మధ్య ఖోల్లో రాదు. మొదటిరోజే అందరికీ తెలిసింది. రెండోరోజు నుంచే ఆ మాట మొదలైంది: ఒకటో తారీకు నుంచి మోతీలో అన్ని సిమ్ములూ పడతాయట. డాకు గేటు గోదాం నెత్తినే వేరే కంపెనీ టవరు ఉంది. ఆ సిమ్ము వేస్తే ఖోల్లో కూడా గంటలా మోగుతుందట. ఆ నాలుగు నెలల్లో నాలుగు ఒకటో తారీకులు వచ్చి పోయాయి.

చద్దన్నం తింటూ తిరుపతిరావు కూతుర్ని అడిగాడు. సుజన సాల్ట్ లేక్ ఆఫీసులో హెడ్‌సెట్టు పెట్టుకుని మాట్లాడే ఉద్యోగం చేస్తోంది. మోతీ కొన్నవాళ్లు ఏదైనా అడగాలంటే చేసే నంబరు అదే. జడ వేసుకుంటూ అద్దంలోంచే తండ్రిని చూసింది.

"రోజుకి వందమంది అదే అడుగుతారు నాన. కొబే ఖుల్‌బే దీదీ, ఎప్పుడు తెరుస్తారు అని."

"మరి నువ్వేటంటావు?"

"రాసిచ్చింది సదూతాను. త్వరలోనే శుభవార్త వింటారు, అని. తారీకు నేదు, ఏటీ నేదు. మా టీము లీడరు దీదీని అడిగినాను. నవ్వీసింది. సరుకు అమ్ముడయ్యే దాకా అలాగే సెప్పమన్నారంట." జడ వదిలేసి ఇటు తిరిగింది. "ఎవుల్తోనూ అనకు నాన. నా పని పోద్ది."

తిరుపతిరావు పిడికిలి బిగించి చూపించాడు. సరే, ఆపాను అని.

బయల్దేరుతుంటే మహాలక్ష్మమ్మ అతని నడుం దగ్గర పొడుచుకొచ్చిన ఎర్రగుడ్డని చూసింది.

"అయ్యి ఇంకా ఎందుకు మోస్తన్నారు? బస్తాలకి సైగలిస్తారేటి?"

అతను వాటిని లోపలికి తోసుకుని చెప్పులేసుకున్నాడు.

ఆరోజు డాకులో ఒక కాగితం చేతులు మారాల్సి ఉంది. రాయించింది క్రేను డ్రైవరు సూరన్న. సైగల మనిషిని మళ్లీ అంచు మీద పెట్టండి, పెట్టేదాకా ఖోల్లోకి దిగం అని రెండే రెండు ముక్కలు. గ్యాంగులో ఇరవై ఇద్దరు. మధ్యాన్నం కాంట్రాక్టరు మనిషి ఓడ దగ్గరికి వస్తాడు, భోజనాల వేళ అందరూ సంతకాలు పెట్టి చేతికివ్వాలని అనుకున్నారు. ఎందుకంటే ఫోను మోగని చోట పని ఎలా సాగుతోందో అందరికీ తెలుసు. మొదట్లో కిందనుంచి ఒకడు నిచ్చెనెక్కి పైకొచ్చి కేకేసేవాడు. లేటవుతోందని తిట్లు పడ్డాయి. చివరికి మేస్త్రీ పట్టాభి ఒక పద్ధతి పెట్టాడు. ఖాళీ హుక్కు పైకొచ్చి, బస్తాలు నింపిన కొత్త వలని, అదే స్లింగుని, తగిలించాక సూరన్న ఇరవై లెక్కపెట్టాలి. ఈలోపు ఫోను మోగకపోతే కింద ఖాళీ అని అర్థం, దింపెయ్యాలి. పట్టాభి టెక్కలి వైపువాడు. ఒకప్పుడు వాళ్లతోపాటే బస్తాలు మోసినవాడు.

భోజనాల దగ్గర డెక్కు మీద వరసగా కూర్చున్నారు. తిరుపతిరావు అలవాటు ప్రకారం తొడుగులు తీసి, తాగే నీళ్లతో జాడించి, ఖోలు నోటి పక్కనున్న రైలింగు మీద ఆరేశాడు. వాటికి మురికి పట్టే పని లేదిప్పుడు. అయినా ఉతికాడు.

సూరన్న కాగితం తీశాడు. పట్టాభి నవ్వుతూ వచ్చి మధ్యలో కూర్చున్నాడు. కోపంగా ఏమీ అనలేదు. సొంత ఫోను లోపలికి తెచ్చుకునే వీలు మేస్త్రీలకి ఉంది, అందులో ఒక వీడియో చూపించాడు. కోటేసుకున్నవాడెవడో హిందీలో గడగడా చెబుతున్నాడు. ఒకటో తారీకు నుంచి మోతీ అందరిదీ అట. ఇంకెంతుందిరా, ఎనిమిది రోజులు అన్నాడు పట్టాభి. ఎనిమిది రోజుల కోసం కాగితాలిచ్చి పని పోగొట్టుకుంటారా అన్నాడు. ఒకటిన సిమ్ము మారుస్తాను, నా పూచీ అన్నాడు.

వినేవాళ్ల ముఖాలు తేటపడటం తిరుపతిరావు చూశాడు. ఎనిమిది రోజులు. అంతేగా. అప్పుడే ఒకడు మజ్జిగ గ్లాసు అందుకున్నాడు.

తిరుపతిరావు నోరు తెరిచాడు. "అదేటీ రాదురా" అన్నాడు.

"నీకెవులు సెప్పినారు?" అన్నాడు పట్టాభి.

సుజన అద్దంలోంచి చూసిన చూపు గుర్తొచ్చింది. తిరుపతిరావు అన్నం వైపు చూశాడు.

"సూసినారా" అన్నాడు పట్టాభి, అందరితో. "మనోడికి టవరు గొడవేటి కాదు. బస్తా బరువు గొడవ. ఇరవై ఆరేళ్లు సెయ్యూపి కూడు తిన్నాడు, ఇప్పుడు నడుం నొప్పెడతంది."

నవ్వారు. చెడ్డగా కాదు, ఇంటిమనిషిని చూసి నవ్వినట్టు. సూరన్న ఒక్కడూ నవ్వలేదు.

"బావా, నీకేటి తెలుసో సెప్పు" అన్నాడు. "నువ్వు సెప్తే ఈలు ఇంటారు."

చెప్పి ఉంటే? కూతురి ఉద్యోగం పోయేదో లేదో. వీళ్లు నమ్మేవాళ్లో లేదో. చెప్పినా అది తన చోటు కోసం ఏడ్చినట్టే ఉంటుందని అతనికి అప్పటికే అనిపించింది. పిడికిలి బిగించి సూరన్నకి చూపించాడు. సూరన్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. కాంట్రాక్టరు మనిషి వచ్చాడు, అటూ ఇటూ చూశాడు, వెళ్లిపోయాడు.

రెండున్నరకి ఖోల్లో ఒక బస్తా పగిలింది. పైనుంచి వెలుతురు పడే నలుచదరం మధ్యలో సిమెంటు కుప్పపోసింది. ఖాళీ వల దాని కింద చిక్కుకుంది. మిగతావాళ్లు పక్కల చీకట్లో బస్తాలు పేరుస్తున్నారు. తిరుపతిరావు ఒంగి వలని లాగుతున్నాడు. పైకి వెళ్లిన హుక్కుకి ఇంకో వల తగిలించేస్తారు, ఇరవై లెక్కపెడతారు. ఆగమని చెప్పడానికి భాను అనే అతను మోతీని పట్టుకుని నిచ్చెన సగం ఎక్కాడు. ఫోనుని నెత్తి మీదికి ఎత్తి ఆ వైపొకసారి ఈ వైపొకసారి తిప్పాడు. ఒక్క గీత రాలేదు.

పైన సూరన్న ఇరవై లెక్కపెట్టాడు.

వెలుతురు తగ్గితే తిరుపతిరావు తలెత్తాడు. ముప్పై బస్తాల స్లింగు దిగుతోంది. రెండడుగులు పక్కకి వేస్తే చాలు. మామా ఇటు రా అని భాను అరిచాడు. తిరుపతిరావు నడుం నిటారుగా చేశాడు. కాళ్లు ఎడంగా పెట్టాడు. ఆ పొడుగాటి చేతులు రెండూ పక్కలకి చాచి, అరచేతులు నేలకి తిప్పి, పైకి చూస్తూ నిలబడ్డాడు. ఆ సైగకి ఆగని స్లింగుని అతను ఇరవై ఆరేళ్లలో చూడలేదు. కాలు కదపలేదు.

పెద్ద చప్పుడేమీ రాలేదు. సిమెంటు పొడి లేచింది. అది కిందికి దిగేదాకా ఎవరికీ ఏమీ కనపడలేదు.

పైన తాడు వదులైంది, రోజూ వదులైనట్టే. సూరన్న ఖాళీ హుక్కు కోసం చూశాడు. హుక్కు విప్పిన జాడ లేదు. మళ్లీ ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టాడు.

ఆ వేళకి సుజన ఎవరికో బెంగాలీలో చదివి వినిపిస్తూనే ఉంది, త్వరలోనే శుభవార్త వింటారని. ఆమె నంబరు తండ్రి ఫోనులో ఉంది. ఆ ఫోను గేటు దగ్గర సంచిలో ఉంది. కబురు ఆమెకి చేరేసరికి నాలుగు దాటింది.

మనిషిని నిచ్చెన మీదుగా తేలేకపోయారు. చెక్కపలక మీద కట్టి క్రేనుతోనే ఎత్తాలన్నారు. సూరన్న గదిలోంచి దిగలేదు, లీవరు ముట్టలేదు. పైనుంచి ఒకే మాట అన్నాడు.

"అంచు మీద సెయ్యి సూపించీవోడు నిలబడితేగానీ ఎత్తను."

ఎవరూ కదల్లేదు. చివరికి పట్టాభి వెళ్లి నిలబడ్డాడు. వేలు పైకెత్తి తిప్పాడు. మెల్లగా అనడానికి ఏ సైగ ఇవ్వాలో అతనికి తెలీదు. సూరన్న తనంతట తానే మెల్లగా ఎత్తాడు. నాలుగు నెలల తరవాత ఆ అంచు మీద మనిషి నిలబడింది ఆ కాసేపే. మర్నాటి నుంచి మళ్లీ ఇరవై లెక్క.

ఒకటో తారీకు వచ్చింది, పోయింది. మోతీలో ఆ ఒక్క సిమ్మే పడుతోంది. ఇప్పుడు దసరా పూజల నాటికి అంటున్నారు. ఇరవై ఒక్కమంది దిగుతున్నారు. కాగితం సూరన్న జేబులో మడతల దగ్గర చిరుగుతోంది.

పూజలూ వద్దు, వీడియోలూ వద్దు. టవరు వచ్చినా రాకపోయినా మాకు అనవసరం. ఇంకో స్లింగు గాల్లోకి లేచేలోపు ఆ అంచు మీద మనిషిని నిలబెట్టండి, ఇవాళే. గ్యాంగులోని మీరు ఇరవై ఒక్కమందీ సంతకాలు పెట్టండి, నిలబెట్టేదాకా దిగకండి. చేతులకి ఏమీ కొననక్కర్లేదు. ఖోలు నోటి పక్కన రైలింగు మీద ఎర్ర తొడుగులు ఒక జత ఎప్పుడో ఆరిపోయాయి, సిమెంటు పొడి పట్టి, వేళ్లు కిందికి వేలాడుతూ ఇంకా అక్కడే ఉన్నాయి.