పిచ్చమ్మ అంచు

చీరాల దాటి సముద్రం వైపు వెళితే వచ్చే ఆ సాలెపేటకి ఎదుటివాడికి సాయపడటం చేతకాదు గానీ పేర్లు పెట్టడం మాత్రం బాగా వచ్చు. కుంటుతూ నడిచేవాడికో పేరు, నత్తివాడికో పేరు, మొగుడు వదిలేసినదానికి రెండు పేర్లు. కోటిలింగం జబ్బుకి పెట్టిన పేరులో మాత్రం కాస్త తెలివి ఉంది. అది పేట పెట్టింది కాదు, అతని తల్లి పిచ్చమ్మ పెట్టింది. కొడుకు వారాల తరబడి కన్ను మూయకుండా, నోరు మూయకుండా, నలుగురి నేత ఒక్కడే నేస్తూ, దారిన పోయే ప్రతి ఆడమనిషికీ చీర పెడతానని మాటిస్తూ తిరిగే కాలంలో "మావాడికి పోటొచ్చింది" అనేది. ఆ ఊపు కాస్తా దిగిపోయి, నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకుని, మంచినీళ్ళు కూడా అడగని కాలంలో "పాటులో ఉన్నాడు" అనేది. పక్కనే సముద్రం. దానికీ రోజూ పోటూ పాటూ ఉన్నాయి. దాన్నెవడూ పిచ్చిదనడం లేదు కదా అని ఆవిడ వాదన.

పేట ఆ వాదన వినలేదు.

"అవ్వకి పేర్లో ఉంది, అయ్యకి తల్లో ఉంది. ఇంక నీకెక్కడుందే సామ్రాజ్యం?" అని పంపు దగ్గర బిందెలు పెట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళు నవ్వుతూ అడిగేవాళ్ళు.

"నాకు పళ్ళల్లో ఉంది. దగ్గరికొస్తే కరుస్తా" అనేది సామ్రాజ్యం. నిండిన బిందె నడుముకెత్తుకుని, మెడ కాస్త కూడా వంచకుండా నడిచి వచ్చేది.

ఇంటికొచ్చాక ఆ మెడ వంగేది. కోటిలింగం ఒక్కగానొక్క కూతురికి అప్పుడు పదహారేళ్ళు. తల్లి పసితనంలోనే పోతే నాయనమ్మ పిచ్చమ్మే పెంచింది. ఎనభై ఐదులో, ఆ ఎండాకాలం, పదో తరగతి పరీక్షలు రాసి కూర్చుంది. గోడకున్న అద్దంలో తన కళ్ళు చూసుకుంటే అవి తండ్రి కళ్ళే. ముక్కు, గడ్డం, చివరికి ఎడమచేతి వాటం కూడా తండ్రిదే. ఇన్ని ఇచ్చినవాడు అదొక్కటీ ఇవ్వకుండా ఉంటాడా? సంతోషం కలిగితే పోటేమోనని భయం, దిగులు కలిగితే పాటేమోనని భయం. పదహారేళ్ళ పిల్లకి ఆ రెండూ పూటకోసారి వస్తాయని చెప్పేవాళ్ళు ఆ ఇంట్లో లేరు. చదువు చెప్పిన మాస్టర్లున్నారు గానీ, వాళ్ళకి ఆ పిల్ల ఇంటిపేరు కూడా గుర్తుండదు.

గుంటూరు పెద్దాసుపత్రిలో ఇచ్చిన తెల్లబిళ్ళలు మింగినంతకాలం కోటిలింగం నిమ్మళంగానే ఉన్నాడు. అయితే వాటికి చేతులు సన్నగా వణికేవి. గుమస్తాకి వణికితే అక్షరం వంకరపోతుంది, అంతే. సాలెవాడి వేళ్ళు వణికితే తెగిన పోగు అతకలేడు. ఆ సమయంలోనే రాఘవులు పెళ్ళిచీర ఒకటి నేయమని నూలిచ్చాడు. పేటలో సగం మగ్గాలకి నూలిచ్చేది, నేసిన చీరలు తీసుకెళ్ళేది ఆయనే. ఎర్రటి కోటకొమ్మ అంచు కావాలన్నాడు. కోటగోడ మీది కొమ్ముల్లా, అంచు పొడవునా వరసగా, ఒకే ఎత్తులో లేవాలి. వణికే చేతులతో ఆ పని కాదు. కోటిలింగం ఎవరికీ చెప్పకుండా బిళ్ళలన్నీ తీసుకెళ్ళి, కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంటలో పూడ్చిపెట్టాడు.

వణుకు పోయింది. దాని వెనకే పోటొచ్చింది.

ఒకరోజు పొద్దున్నే లేచి పర్చూరు వైపు, ఆ నల్లరేగడి చేలల్లోకి నడిచిపోయాడు. మిర్చి ఆరబోసిన కళ్ళం గట్టున పొద్దుగూకేదాకా నిలబడ్డాడట. గుప్పెడు కాయలతో ఇంటికొచ్చి కూతురి ముందు పోశాడు. ఒకటి పచ్చిది, ఒకటి దోరది, ఒకటి రక్తంలా పండింది, ఒకటి రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయ.

"చూడవే అమ్మాయ్! ఊళ్ళకి ఊళ్ళు ఆరబోసుకుంటన్నారు. ఒక్క సాలెనాకొడుకన్నా కళ్ళు తెరిచి చూశాడా దీన్ని? ఎర్రంచంట, ఎర్రంచు! ఎరుపెక్కడ మొదలవుద్దో తెలుసా రాఘవులికి?"

అంచుకిచ్చిన ఎర్రనూలు పక్కనపెట్టి, రంగులు తనే అద్దించుకొచ్చి, అంచు మొదలుపెట్టాడు. కొమ్ముల అడుగున పచ్చిమిరప రంగు, పైకి పోనుపోను దోర, ఆ పైన ఎరుపు, కొనలో తాలు తెలుపు. ఆ కొమ్ములైనా ఒకే ఎత్తులో లేవు. మొదటిదానికంటే రెండోది పొడుగు, దానికంటే మూడోది పొడుగు. మూరన్నర నేసేసరికి అంచు చీర ఒంట్లోకి ఎగబాకుతోంది. అక్కడితో ఊపు తెగింది. పోగును అటూఇటూ తోసే నాడె అక్కడే వదిలేసి, వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నాలుగు రోజులు పోయాక రాఘవులు వచ్చి మగ్గం చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"ఇదేం అంచు! పళ్ళూడిన దువ్వెన లాగా! కోసి అవతల పారెయ్యండి. పడుగన్నా దక్కుద్ది."

"కొయ్యడానికి అదేమన్నా బొడ్డుతాడా రాఘవులూ?" అంది పిచ్చమ్మ.

సామ్రాజ్యం కత్తెర తేవడానికి లేచింది. గుమ్మం దగ్గర ఎందుకో వెనక్కి తిరిగి చూసింది. దగ్గర్నుంచి దువ్వెన పళ్ళలా ఉన్నది దూరం నుంచి కళ్ళంలా ఉంది. గట్టు మీద నడిచి దగ్గరికి పోతున్నకొద్దీ మిర్చి రాశి ఎలా లేస్తుందో, సరిగ్గా అలా లేస్తోంది అంచు. ప్రతి కొమ్మూ ముందుదానికంటే అంతే పెరుగుతోంది. ఎక్కడా లెక్క తప్పలేదు. తర్వాతి కొమ్ము ఎంత లేవాలో కూడా ఆ పిల్లకి తెలిసిపోయింది.

తెలిసిన వెంటనే భయం పట్టుకుంది. ఊరందరికీ పిచ్చిగా కనిపించేది తనకొక్కదానికే తిన్నగా కనిపించిందేమిటి? తండ్రి తలలోని దారి తనకి లాంతరు లేకుండా తెలుస్తోందంటే, తనూ ఆ దారిలోనే ఉన్నట్టు కాదా?

అయినా నోరు దాని పని అది చేసింది.

"కొయ్యొద్దు బాబాయ్. నేను నేస్తా."

"నువ్వా? మీ అయ్య చేసింది చాల్లేదా?"

"చెడితే పేటంతా చెప్పుకుని నవ్వుకుందురుగాని. ఎట్టాగూ నవ్వుతానే ఉన్నారుగా!"

మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. కాలి కింద మట్టిలో తెల్లబిళ్ళలు తగిలితే ఏరి, గుంటూరు డాక్టరుకి చూపించడానికి పొట్లం కట్టి దాచింది. మొదటిరోజు చేతులు తడబడ్డాయి. తర్వాత చేతులే ముందు పోయి, మనసు వెనకాల వచ్చింది. అన్నం చల్లారిపోయేది. ఒక మధ్యాహ్నం దోరరంగు ఎరుపులోకి తిరిగే చోటు ఎంత బాగా కుదిరిందంటే, ఒక్కతే పైకి నవ్వేసింది.

"ఏమే, ఒక్కదానివే నవ్వుతున్నావు?" అంది రాట్నం దగ్గర కండెలు చుడుతున్న పిచ్చమ్మ.

రాట్నం ఆగింది. నాడె ఆగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అదే మాట పిచ్చమ్మ కొడుకుతో ఎన్నిసార్లందో ఇద్దరికీ తెలుసు.

ఆ మర్నాడు సామ్రాజ్యం మగ్గం నుంచి వెనక్కి జరిగి అంచంతా ఒకసారి చూసింది. కొమ్ములు చీర నడుముదాకా వచ్చేశాయి. ఇలాగే పోతే చీరంతా అంచే అవుతుంది. కట్టుకునే మనిషికి ఒళ్ళేదీ? తను నేసిందంతా విప్పడం మొదలుపెట్టింది. తనది అయిపోయాక తండ్రి నేసినదాన్లో కూడా జానెడు విప్పింది.

"నేసింది విప్పడమంటే వడ్డించిన విస్తరి లాక్కోవడమేనే" అని గొణిగింది పిచ్చమ్మ.

సామ్రాజ్యం ఏడుస్తూనే విప్పింది. విప్పిన చోటునించి కొమ్ములు దింపడం మొదలుపెట్టింది. లేచినవి లేచినట్టే, అదే లెక్కలో, దిగుతూ రావాలి. అడుగుదాకా దిగాక మళ్ళీ లేవాలి.

కోటిలింగం లేచి కూర్చోగలిగిన రోజున ముగ్గురూ పాసింజరు బండెక్కి గుంటూరు పోయారు. ఆసుపత్రి వరండాలో కాంపౌండరు చీటీ చూసి, రోగి పేరు వదిలేసి తోడొచ్చినవాళ్ళ పేరు పిలిచాడు.

"పిచ్చమ్మ! ఎవరిక్కడ పిచ్చమ్మ?"

వరండా అంతా గొల్లున నవ్వింది.

"నేనే నాయనా" అంటూ లేచింది ముసలమ్మ. "ఇక్కడ అందరికీ జబ్బు. నాకు పేరు."

కోటిలింగాన్ని రక్తపరీక్షకి తీసుకెళ్ళాక సామ్రాజ్యం డాక్టరు ముందు నిలబడింది. అడిగింది.

"నాక్కూడా వస్తదా డాక్టరుగారూ?"

ఆయన స్టూలు చూపించి కూర్చోమన్నాడు.

"రాదని చెప్తే అబద్ధమవుతుందమ్మా. వస్తుందన్నా అబద్ధమే. మిగతా ఇళ్ళకంటే మీ ఇంట్లో వచ్చే వీలు కొంచెం ఎక్కువ. అయినా రాకుండా బతికిపోయేవాళ్ళే ఎక్కువమంది. ఒకవేళ వస్తే దాచుకోకు. మందుంది."

తర్వాత కోటిలింగాన్ని కేకలేశాడు. "చేతులు వణికితే నాతో చెప్పాలిగానీ గుంటలో పాతిపెడతావా? మోతాదు సర్దేవాణ్ణి గదయ్యా!"

తిరుగు బండిలో నిడుబ్రోలు దాటాక సామ్రాజ్యం అడిగింది.

"నాయనమ్మా, నీకా పేరెందుకు పెట్టారే? వేరే పేరే దొరకలేదా?"

"నాకు ముందు పుట్టినోళ్ళంతా పురిట్లోనే పోయారంట. పిచ్చిదని పేరు పెడితే ఇదెందుకులే అని చావు కూడా వదిలేసిపోద్దని పెట్టారు. చూడు, ఇంకా వదిలేసే ఉంది!" అని బోసినోటితో నవ్వింది పిచ్చమ్మ.

సామ్రాజ్యం నవ్వలేదు. ఆ మాట లోపల దాచుకుంది.

బిళ్ళలు పనిచేయడానికి వాటి టైము అవి తీసుకున్నాయి. ఒక ఉదయం కోటిలింగం తనంతట తనే లేచి, మొహం కడుక్కుని, మగ్గం దగ్గరికొచ్చి కూర్చున్నాడు. అంచు మీద బొటనవేలు పెట్టి మెల్లగా జరుపుకుంటూ పోయాడు. ఒకచోట వేలు ఆగింది. విప్పి మళ్ళీ నేసిన చోట గంజి రాలిపోయి దారం నూగు లేస్తుంది. కంటికి కనపడదు, సాలెవాడి వేలికి తెలుస్తుంది.

"ఇక్కడ విప్పావా?"

సామ్రాజ్యం తల దించుకుంది. "విప్పాను నాన్నా. నువ్వు నేసింది కూడా జానెడు..."

"ఎందుకు?"

"ఎక్కువైందనిపించింది."

"ఎట్టా అనిపించింది?"

"ఎట్టా అంటే? అనిపించింది, అంతే."

కోటిలింగం కూతురి మొహంలోకి చూశాడు. అన్ని నెలల తర్వాత ఆయన ఒక మనిషి మొహంలోకి చూడటం అదే.

"నాకనిపించదమ్మా. అది వచ్చినప్పుడు నేను నేసిందాన్లో తప్పుందని బ్రహ్మదేవుడొచ్చి చెప్పినా నమ్మను. ఇన్నేళ్ళలో పోటులో ఉండి ఒక్క పోగు విప్పి ఎరగను. విప్పచ్చనే తోచదు. నువ్వేడుస్తా కూర్చుని విప్పావంటగా, మీ నాయనమ్మ చెప్పింది."

"నీ అంచు నాకు అర్థమైంది నాన్నా. ఎవరికీ కాలేదు, నాకే అయింది. అందుకే భయమేసింది."

"అవదా మరి? నా కూతురివి. కన్ను నాదే వచ్చింది. ఎక్కడ ఆపాలో తెలియడం మాత్రం నా దగ్గర లేదు, నేనియ్యలేదు. అది నువ్వు సంపాయించుకున్నదే."

"రేపెప్పుడన్నా వస్తేనో?"

"వస్తే నేను పోల్చుకుంటా. దాని మొహం నాకంటే బాగా ఎరిగినవాడు ఈ పేటలో ఎవడున్నాడే? చెయ్యి పట్టుకుని ఆ పాసింజరు ఎక్కిస్తా. అప్పటిదాకా వెధవ భయం పెట్టుకోక, కానీ, నెయ్యి."

నాడె అందించాడు. చెయ్యి ఇంకా కొంచెం వణుకుతూనే ఉంది. ఆ రోజునుంచి నేత ఆమెది, దోరరంగు ఎక్కడ తిప్పాలో చెప్పడం ఆయనది. తెగిన పోగులు అతకడం సామ్రాజ్యం వంతు.

నేత పూర్తయి మగ్గం మీంచి చీర కోసిన రోజున అరుగు మీద నులకమంచం వాల్చి దానిమీద పరిచారు. రాఘవులు వచ్చాడు. ఆయన వెనకాలే నవ్వుకోవడానికి పంపు దగ్గరి ఆడవాళ్ళూ వచ్చారు. కళ్ళంలో రాశుల్లా అంచు లేచింది, దిగింది, మళ్ళీ లేచింది. రాఘవులు చీర చుట్టూ ఒకసారి తిరిగాడు. నవ్వడానికి వచ్చినవాళ్ళలో ఒకామె కొంగుతో చెయ్యి తుడుచుకుని గానీ చీర ముట్టుకోలేదు.

"బజార్లో అడుగుతారు" అన్నాడు రాఘవులు గొంతు తగ్గించి. "ఇదేం అంచని చెప్పనే?"

తండ్రి కూతురి వైపు చూశాడు. సామ్రాజ్యం ఆడవాళ్ళ వైపు చూసింది.

"పిచ్చమ్మ అంచు."

"ఛఛ! పెళ్ళిచీరకి అదేం పేరే! మంచి పేరేదన్నా చెప్పు."

"అంతకంటే మంచి పేరు మా ఇంట్లో లేదు బాబాయ్. ఆ పేరుకి చావే జడిసి పక్కకి పోయింది. ఎవరు నేశారని అడిగితే పిచ్చి కోటిలింగం, ఆయన కూతురు నేశారని చెప్పండి. నసగొద్దు, గట్టిగా చెప్పండి."

"నా పేరైతే పెట్టింది గానీ ఆ చీర నాకు పెట్టదంట, చూశావా దీని తెలివి!" అంది పిచ్చమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటూ.

కోటిలింగం చీర మడత పెట్టడానికి చేతులు చాపాడు. అవి అందరి ముందూ వణికాయి. వెనక్కి తీసుకోలేదు.

ఆ వారంలోనే పంపు దగ్గర, బిందె కింద పెట్టీపెట్టకముందే అడిగింది ఒకావిడ. "ఏమే సామ్రాజ్యం, మా అమ్మాయికీ ఒక పిచ్చమ్మ అంచు నేసిపెట్టకూడదూ?"

సామ్రాజ్యం నిండిన బిందె నడుముకెత్తుకుంది.

"పెడతాంగానీ, వరసలో నిలబడండి" అని చెప్పి, మెడ నిటారుగా పెట్టుకుని ఇంటిదారి పట్టింది. ఇంటికొచ్చాక కూడా ఆ మెడ వంగలేదు.