బల్ల మీద రెండు డబ్బాలు

అక్టోబరు పద్దెనిమిది, శనివారం. ఆ తేదీ ఎల్వుడ్ హాఫ్నర్ ఇక మరిచిపోలేడు. ఆ మధ్యాహ్నం తుపాకుల క్లబ్బు వంటగదిలో అందరూ హలుప్కీలు తిన్నారు. క్యాబేజీ ఆకుల్లో మాంసం, అన్నం కలిపి చుట్టి టమాటా పులుసులో ఉడికించినవి. మేవిస్ క్రోథర్స్ పెద్ద గిన్నెడు వండి తెచ్చింది. ఎల్వుడ్ నాలుగు తిన్నాడు. భార్య నోరీన్ పోయిన ఈ రెండేళ్లలో అతను కడుపు నిండా తినేది నెలకోసారి, ఆ రేకుల షెడ్డులోనే.

"మాస్టారూ, ఐదోది కూడా లాగించు. ఎవరూ చూడట్లేదులే," అన్నాడు పక్కనే కూర్చున్న బెర్నీ స్లొవిక్.

"నువ్వు చూస్తున్నావుగా."

"నా చూపుకేం విలువ? కళ్లజోడు నెత్తిన పెట్టుకుని వంటగదంతా వెతికినవాణ్ణి!"

నిజమే. పొద్దుటి నుంచి అందరూ అదే చెప్పుకుని నవ్వుతున్నారు. బెర్నీ మతిమరుపు క్లబ్బులో అందరికీ ఉచిత వినోదం. ఒకసారి ట్రక్కు తాళాలు ఫ్రిజ్‌లో పెట్టి మూడు రోజులు వెతికాడు. కానీ ఎర్ర కోటు తొడుక్కుని, ఈల మెడలో వేసుకున్నాడంటే మాత్రం మనిషి మారిపోయేవాడు. కాల్పుల వరుస దగ్గర పధ్నాలుగేళ్లుగా కాపలా అతనిదే. అతను ఈల వేస్తే తుపాకులన్నీ కిందికి దిగాల్సిందే. ఆ పధ్నాలుగేళ్లలో ఎవరికీ గోరంత దెబ్బ తగల్లేదు.

ఎల్వుడ్‌ని అందరూ మాస్టారనే పిలుస్తారు. ఊరి హైస్కూల్లో ముప్పై ఒక్క ఏళ్లు రసాయన శాస్త్రం చెప్పాడు. రిటైరయ్యాక ఇంటి నేలమాళిగలో సొంతంగా తూటాలు తయారుచేయడం మొదలుపెట్టాడు. వాడేసిన ఇత్తడి గుల్లలు కడిగి, పాత కొలతకి నొక్కి, కొత్త మందు తూచి పోసి, గుండు బిగించడం. మాస్టారు చేసిన తూటా అంటే కళ్లు మూసుకుని వాడొచ్చని క్లబ్బులో అనుకునేవారు. షెడ్డు వెనక గదిలో, అందరూ రైఫిళ్లు విప్పి ఆకురాయితో నూనెతో కుస్తీ పట్టే పొడవాటి బల్ల పైన గోడకి, అతను స్వయంగా రాసిన చెక్క ఉంది. "బల్ల మీద ఒక్కటే డబ్బా." పిస్తోలు మందూ రైఫిలు మందూ ఒకేసారి మూతలు తీసి పెట్టకూడదని. కొత్తగా చేరినవాళ్లందరి చేతా ఆ మాట మూడుసార్లు పైకి చదివించేవాడు.

భోజనాలయ్యాక బెర్నీ తన తండ్రి రైఫిల్ తెచ్చాడు. దాని వాల్‌నట్ చెక్కకి రెండు చలికాలాలు సేవ చేశాడు. గరుకు కాగితంతో రుద్దడం, అవిసె నూనె పట్టించడం, ఆరబెట్టి మళ్లీ రుద్దడం. మేవిస్ దాని మీద వేలు పెట్టబోతే వేలు తుడుచుకోమన్నాడు.

"నా మొగుడు నన్నెప్పుడూ ఇంత ముద్దుగా చూడలేదయ్యా," అంది మేవిస్.

"నీకు అవిసె నూనె పట్టించి ఉండడు," అన్నాడు బెర్నీ.

ఎర్ర కోటు ఇంకొకరికి తొడిగి, తను కాల్పుల వరుసలోని బల్ల దగ్గర కూర్చున్నాడు. తన డెబ్బయ్యో పుట్టినరోజుకి ఎల్వుడ్ ఇచ్చిన ఇరవై తూటాల పెట్టె విప్పాడు. మొదటిది గురికి సరిగ్గా తగిలింది. రెండోది దాని పక్కనే. మూడోసారి వచ్చిన చప్పుడు వేరు. ఇనుప బీరువా మెట్ల మీంచి పడ్డట్టు. పొగ తేలేసరికి బెర్నీ నేల మీద కూర్చుని ఉన్నాడు. వాల్‌నట్ చెక్క నిలువునా చీలిపోయింది. కనుబొమ మీంచి నెత్తురు. రక్షణ కళ్లద్దాలు పగుళ్లిచ్చాయి గానీ కన్ను దక్కింది.

గాయం చిన్నదేనని తేలాక క్లబ్బు అధ్యక్షుడు ల్యూథర్ యోస్ట్ రైఫిల్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పొద్దున గొట్టం తుడిచావా?"

"తుడిచాను."

"తుడిచిన గుడ్డ తీశావా?"

బెర్నీ రైఫిల్ వైపు చూసి, "తీశాననే అనుకుంటున్నా," అన్నాడు.

"అనుకుంటున్నాడట! గొట్టంలో గుడ్డపేలిక వదిలేసి కాల్చావురా బాబూ!"

"పేలిక పేలింది!" అని అరిచింది మేవిస్. కన్ను దక్కిందన్న ఊరటలో అందరికీ ఆగని నవ్వొచ్చింది. కనుబొమకి పట్టీతో బెర్నీ కూడా నవ్వాడు. సాయంత్రానికి అతని పేరు పేలిక అయిపోయింది. ఎల్వుడ్ కూడా నవ్వాడు. నవ్వుతూనే, "ఇవి ఓసారి నేను చూస్తాలే," అని మిగిలిన పదిహేడు తూటాలూ జేబులో వేసుకున్నాడు. ఎందుకన్నాడో అప్పటికి తనకే తెలియదు. ఆ చప్పుడు మాత్రం చెవిలో ఉండిపోయింది.

ఇంటికెళ్లి నేలమాళిగలో దీపం కింద తెల్ల కాగితం పరిచి, రైఫిలు మందు డబ్బా వంచాడు. ఆ మందు పెన్సిల్ ములుకు ముక్కల్లా సన్నటి పుల్లల్లా ఉండాలి. పుల్లలు ఉన్నాయి. వాటి మధ్య, అక్కడక్కడా, చేప పొలుసుల్లా పల్చటి బిళ్లలు కూడా ఉన్నాయి. పిస్తోలు మందు. రెండింతల వేగంతో మండేది.

ఆగస్టులో ఒక సాయంత్రం గుర్తొచ్చింది. బల్ల మీద రెండు డబ్బాలూ ఉన్నాయి. ఒకటి లోపల పెట్టి రెండోది తీయడానికి బద్ధకించాడు. తూచే గిన్నెలో ఇంకా పిస్తోలు మందు మిగిలి ఉండగా పైన ఫోన్ మోగింది. గ్రంథాలయం నుంచి ఎవరో అమ్మాయి. "నోరీన్ గారున్నారా?" అని అడిగింది. "లేరు," అని చెప్పి కిందికొచ్చి, గిన్నెలో మిగిలింది డబ్బాలో పోసేశాడు. ఏ డబ్బాలోనో చూసుకోలేదు. కారణం దొరికింది కదా అని తప్పు చిన్నదైపోదు. పరీక్షల్లో పిల్లలకి ఎన్నిసార్లు చెప్పాడో ఆ మాట.

ఆదివారం పొద్దున్నే మేవిస్ ఇంటికి పరిగెత్తాడు. ఆ విడతలోదే ఇంకో పెట్టె, వచ్చే నెల జింకల వేటకని ఆమెకిచ్చాడు. ఆమె స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి, ఏ మాటైనా ముక్కుసూటిగా అడుగుతుంది.

"ఏమైంది వాటికి?"

"అడుగున ఉండే నిప్పు టోపీలు పాత సరుకు. పేలకపోవచ్చు. వేరేవి చేసిస్తాను."

"చూశారా! మీరు కాబట్టి ఇంటికొచ్చి మరీ చెప్పారు," అంటూ పెట్టెతో పాటు తను చేసిన ఆపిల్ వెన్న సీసా ఒకటి చేతిలో పెట్టింది. కారులో ఆ సీసా పక్క సీట్లో కూర్చుని తనవైపే చూస్తున్నట్టనిపించింది. దాన్ని వెనక సీట్లోకి మార్చాడు.

ఇక ఎవరికీ ప్రమాదం లేదు. ఎవరికీ తెలియదు కూడా. ఆ రెండో సంగతి తనకి కలిగించిన ఊరటని ఎల్వుడ్ గమనించాడు. గమనించి, దీపం ఆర్పేసి, చీకట్లోనే మెట్లెక్కాడు.

ఆ సాయంత్రం యోస్ట్ ఫోన్ చేశాడు. "గురువారం మీటింగు పెట్టాను మాస్టారూ. మనసొప్పట్లేదు గానీ, సొంత తుపాకిలో గుడ్డ మరిచిపోయినవాడికి పదిమంది ప్రాణాలు ఎలా అప్పగిస్తాం? ఈల తీసుకోక తప్పదు. మీరు ఒక్క మాట చెబితే వాడు కూడా బాధపడకుండా వింటాడు."

ఎల్వుడ్ "సరే" అన్నాడు. ఫోన్ పెట్టేశాక ఆ రెండక్షరాలూ గదిలో చాలాసేపు వినిపించాయి.

మంగళవారం చెప్పేద్దామనే బెర్నీ ఇంటికెళ్లాడు. గ్యారేజీలో బెర్నీ పాత పేపరు మీద చెక్క పేళ్లు పరిచి, ఏది ఎక్కడిదో వెతికి జిగురుతో అతికిస్తున్నాడు.

"మంచి సమయానికొచ్చావు. ఈ బిగింపు పట్టుకో."

ఎల్వుడ్ పట్టుకున్నాడు.

"మా ఆవిడ టెస్ డాక్టరు దగ్గర నా పేరు రాయించింది, సోమవారానికి," అన్నాడు బెర్నీ, చెక్క మీంచి చూపు తిప్పకుండా. "గడియారం బొమ్మ గీయమంటారట. అయిదు మాటలు చెప్పి, కాసేపాగి మళ్లీ చెప్పమంటారట."

"దేనికి?"

"మా నాన్నకి ఇలాగే మొదలైంది మాస్టారూ. ముందు తాళాలు, కళ్లజోడు. చివరికి నన్నే, ఎవరబ్బాయివి నాయనా అని అడిగాడు. తుపాకి పోతే పోనీ. ఆ గుడ్డ బయటికి తీశానా లేదా అని నాలుగు రోజులుగా ఆలోచిస్తున్నా. తీసినట్టే ఉంటుంది, మళ్లీ లేనట్టుంటుంది. రాత్రుళ్లు టెస్‌ని లేపి అడుగుతున్నా, పాపం ఆమెకేం తెలుసు?"

మాట ఎల్వుడ్ నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో టెస్ కాఫీ తెచ్చింది. ఏడ్చిన కళ్లు. "మీరొచ్చారు, నయం. మీతో ఉంటే ఆయన కాస్త కుదుటపడతారు," అంది. ఎల్వుడ్ కాఫీ తాగాడు. బాగుందన్నాడు. జిగురు ఆరేదాకా బిగింపు పట్టుకుని, ఇంటికెళ్లిపోయాడు. దారిలో ఒకచోట కారు ఆపి, తిరిగి వెళదామని పావుగంట కూర్చున్నాడు. వెళ్లలేదు.

గురువారం సాయంత్రం ఆరు గంటలకి షెడ్డులో పద్దెనిమిది మంది చేరారు. యోస్ట్ గొంతు సవరించుకుంటూండగానే బెర్నీ లేచాడు. ఎర్ర కోటు చక్కగా మడతపెట్టి తెచ్చాడు. దాన్ని బల్ల మీద పెట్టి, ఈల పైన ఉంచాడు.

"మీరు అడిగి బాధపడటం ఎందుకు? నేనే ఇచ్చేస్తున్నా. ఉతికించాను కూడా."

ఎవరూ నవ్వలేదు. యోస్ట్ ఎల్వుడ్ వైపు చూశాడు. "మాస్టారూ, మీరు రెండు మాటలు..."

ఎల్వుడ్ సంచిలోంచి మందు డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. పక్కన తెల్ల కాగితం పరిచి కాస్త వంపాడు.

"దగ్గరికొచ్చి చూడండి. పుల్లల్లో బిళ్లలు కలిసున్నాయి. కలిపింది నేను. ఆగస్టులో రెండు డబ్బాలూ తెరిచి పెట్టుకున్నాను. బెర్నీ ఏ గుడ్డా మరిచిపోలేదు. పేలింది నా తూటా."

మేవిస్ వంగి చూసింది. నెమ్మదిగా లేచి నిలబడింది. "మరి నాతో టోపీలు పాతవన్నారు?"

"అబద్ధం చెప్పాను."

"నేను మీకు ఆపిల్ వెన్న ఇచ్చి పంపానండీ," అంది మేవిస్. తిట్టినా అంత తగిలేది కాదు.

బెర్నీ కుర్చీలో కూలబడ్డాడు. "ఎప్పుడు తెలిసింది నీకు?"

"శనివారం సాయంత్రం."

"మంగళవారం మా ఇంటికొచ్చావు."

"వచ్చాను."

"సోమవారం డాక్టరు దగ్గరికెళ్తున్నానని చెప్పాను."

"చెప్పావు."

"చెబుతుంటే, నా ఎదురుగా బిగింపు పట్టుకుని నిలబడ్డావు."

ఎల్వుడ్ తలొంచుకున్నాడు. బెర్నీ కుర్చీ వెనక్కి నెట్టి బయటికెళ్లిపోయాడు.

ఇక మీద ఎవరికీ తూటాలు చేయనని ఎల్వుడ్ చెప్పాడు. అది మంచిదేనని యోస్ట్ అన్నాడు, అతనివైపు చూడకుండా. ఎర్ర కోటునీ ఈలనీ తీసి బెర్నీ ఖాళీ కుర్చీలో పెట్టాడు. జనం ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఎప్పుడూ మీటింగయ్యాక గంటసేపు ట్రిగ్గర్ల గురించి, జింకల గురించి వాదించుకునేవాళ్లు. ఆ రోజు కార్ల తలుపుల చప్పుళ్లు తప్ప ఏమీ వినిపించలేదు.

కాఫీ కప్పులు ఉండిపోయాయి. ఎల్వుడ్ వాటిని కడగడం మొదలుపెట్టాడు. ఇంటికెళ్లే మొహం లేదు, ఇక్కడ ఉండే మొహమూ లేదు. కిటికీ అవతల చీకట్లో బెర్నీ ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"లేదు టెస్... సోమవారం అక్కర్లేదు. తీశాను. గుడ్డ తీశాను నేను. అవును. తీశానే!" తర్వాత ముక్కు చీదిన చప్పుడు. ఎల్వుడ్ కడిగిన కప్పునే మళ్లీ కడిగాడు.

బెర్నీ లోపలికొచ్చాడు. కుర్చీలోంచి ఎర్ర కోటు తీసి తొడుక్కుని, ఈల జేబులో వేసుకున్నాడు. ఆరిన కప్పులు తీసి అరలో సర్దాడు, ఒక్కొక్కటిగా, పిడులన్నీ ఒకవైపుకి వచ్చేలా.

"వాళ్లు నన్ను ఏడిపిస్తుంటే నువ్వూ నవ్వావు," అన్నాడు.

"నవ్వాను."

"రైఫిల్ సంగతి నేనడగను. ఎవరి చేతిలోనైనా జరగొచ్చు అది. ఆ అయిదు రోజులు మాత్రం... మా నాన్న మొహం అద్దంలో కనిపించింది నాకు. తెలుసా?"

"క్షమించమని అడిగే..."

"అడక్కు. ఇప్పుడు నా దగ్గర లేదది." చేతులు తుడుచుకున్నాడు. "శనివారం కొత్తవాళ్లు ముగ్గురు వస్తున్నారు. ఎనిమిదికల్లా రా. నువ్వు చేసింది నువ్వే చెప్పు వాళ్లకి. అంతా. ఫోన్ దగ్గర్నుంచి ఇవాళ్టిదాకా."

"వాళ్ల ముందా?"

"నా ముందు కూడా. వరుస దగ్గర నేనుంటానుగా."

ఎల్వుడ్ తలూపాడు. దానికి బదులు ఒళ్లు విరిగే పని ఇంకేదైనా చెప్పి ఉంటే బాగుండుననిపించింది. అంతలోనే, రమ్మన్నాడు కదా, అదే చాలుననిపించింది. తన కోటు తీసుకుని బయటికి నడిచాడు. మెట్ల మీద రాలిన ఆకులు తడిసి జారుతున్నాయి. అతను కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి, కారు దాకా వెళ్లేవరకూ బెర్నీ గుమ్మంలోనే నిలబడి వరండా దీపం వెలిగించి ఉంచాడు. తర్వాత దీపం ఆర్పి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి లాగి తాళం వేశాడు.