పెరడు తిరిగొచ్చిన రోజు

చలి మొదలైన ఉదయం పైడమ్మ పెరడు వలస వెళ్ళిపోయింది. బొబ్బిలిలో అదేమంత వింత కాదు; కొన్ని పెరళ్ళకు చలి పడదు. ఈసారి మాత్రం అది వెళ్తూ వెళ్తూ ఆమె మొగుడు అసిరినాయుణ్ణి కూడా పట్టుకుపోయింది. పప్పులో పోపుకి కరివేపాకు కోసుకొస్తానని అతను అప్పుడే గుమ్మం దిగాడు.

ఇప్పుడు మాఘం వెళ్తోంది. పైడమ్మ వెనక తలుపు తీస్తుంది. గడపకి అవతల ఎప్పటిలాగే తెల్లటి ఖాళీ, గంజి పెట్టిన పంచెలా. అందులోంచి ఒక గోరింక నడిచి వస్తుంది. దాని ముక్కున దండెం ఉంది. దండెం మీద పైడమ్మ ఆరేసిన చీర ఇంకా తడిగానే ఉంది.

“ఇదెక్కడ కట్టీమంటావు?” అంటుంది గోరింక.

“ఎండ తగిలే సోట.”

“ఎండ ఇంకా రానేదు. పాలపిట్ట తెస్తంది. పెద్ద మూట గదా, ఆగి ఆగి వస్తంది.”

పైడమ్మ కొంగు నడుముకి చుట్టుకుంటుంది. ఉడుతలు నేలని చాపలా చుట్టి మోసుకొస్తాయి. పరిచాక ముడతలు పడ్డ చోట తోకలతో సాపు చేస్తాయి. వడ్రంగిపిట్ట జామచెట్టుని నిలువునా తెచ్చి, మొదట్లో గట్టిగా దెబ్బలు కొట్టి బిగిస్తుంది. ముంగిస బట్టలుతికే బండని దొర్లించుకొస్తుంది. పాలపిట్ట దిగి మూట విప్పగానే ఎండ నేలంతా ఒలికి, పైడమ్మ పాదాల దాకా వస్తుంది. చలికాలమంతా ఎండ ఎరగని పాదాలు. ఆమెకి చక్కిలిగింత పెట్టినట్టై నవ్వు ఆగదు.

వచ్చిన ప్రతి ప్రాణినీ అదే అడుగుతుంది: “మా మావేడీ?”

“మా మూటలో నేడమ్మా,” అంటాయి. “కరివేపసెట్టు కుట్టుపిట్ట వంతు. సెట్టుతోనే ఉంతాడు.”

మిట్టమధ్యాహ్నానికి కుట్టుపిట్ట వస్తుంది. బొటనవేలంత పిట్ట. ముక్కు ఖాళీ. జామకొమ్మ మీద వాలి రొప్పుతుంది.

“సెట్టు తేలికే. కిందున్న మనిషే బరువు,” అంటుంది. “సలికి ఆకంతా రాలిపోనాది. ఉత్త సేతుల్తో ఇంటికి రానంతన్నాడు. సిగురేసేదాకా నిలబడతానన్నాడు. నిలబడి నిలబడి కాళ్ళకి ఏళ్ళు పుట్టి నేలలోకి దిగిపోనాయి.”

“లాగీనేకపోయారా?”

“అందరం లాగినాం. ఇయాల పొద్దుగూకితే అక్కడి నేల అతన్ని తన సెట్టే అనుకుంటాది. నేలకి మరుపెక్కువ.”

పైడమ్మ నవ్వు ఆగిపోతుంది. జామచెట్టు నీడ అప్పుడే తూర్పుకి సాగుతోంది. ఆమె గిరుక్కున తిరిగి వంటింట్లోకి వెళ్తుంది. పొయ్యి వెలిగించి, మూకుట్లో నూనె పోసి, గుప్పెడు ఆవాలు వేస్తుంది. మూకుడు పట్టకారుతో గడప మీదికి తెచ్చి, గుండెల నిండా గాలి తీసుకుంటుంది.

“మావా! పోపు మాడిపోతంది!”

ఆవాలు చిటపటలాడతాయి. చిట్లిన ప్రతి ఆవగింజా నల్లటి పిట్టై మూకుట్లోంచి లేచి, ఇంకా రాని పెరటి మూల ఉన్న తెల్లదనంలోకి దూసుకుపోతుంది. పైడమ్మ మళ్ళీ అరుస్తుంది. గొంతు బొంగురుపోయేదాకా అరుస్తుంది. మూకుడు ఖాళీ అవుతోంది.

అప్పుడు ఎక్కడో దూరంగా, విసుగ్గా, ప్రాణం లేచొచ్చేలా:

“వస్తన్నానే! సిగురిప్పుడే ఏసింది, కొయ్యనీ!”

మబ్బులాంటి ఆవపిట్టల గుంపు ముందు. వెనక కరివేపచెట్టు భుజానేసుకుని అసిరినాయుడు. మడమల నుంచి వేళ్ళు ఈడ్చుకుంటూ, మట్టి రాల్చుకుంటూ వస్తున్నాడు. చెట్టుని గోడవార దించి, చెవి వెనక దాచిన రెమ్మ తీసి మూకుట్లో పడేస్తాడు. సుయ్‌మంటుంది. ఆ వాసనకి పిట్టలన్నీ ఒక్కసారే కూస్తాయి.

“సిక్కిపోనావు మావా,” అంటుంది పైడమ్మ. కళ్ళలో నీళ్ళు పొగవల్ల కాదు.

“నీ కేక ఇనబడనేక,” అంటాడు అతను. “అక్కడ ఎవులూ నన్ను తొందరపెట్నేదు. అన్నం సయించనేదు.”

అతని మడమల వేళ్ళని ఆమె కత్తిపీటతో తెగ్గోస్తుంటే నొప్పి లేదు, నవ్వొస్తుందట. ఇద్దరూ నవ్వుతుండగానే జెముడుకాకి ఒక గుడ్డుని తోసుకుంటూ వస్తుంది. గుమ్మడికాయంత గుడ్డు, గోరువెచ్చగా ఉంది.

“ఇది మా పెరటిది కాదే,” అంటుంది పైడమ్మ.

“దారిలో ఉంది. ఒట్టిగా ఒగ్గీడానికి మనసొప్పనేదు.”

ఆ మాట న్యాయంగానే ఉంది. మొగుడూ పెళ్ళాం దుప్పటి కప్పి, గుడ్డుకి చెరోవైపు ఆనుకుని కూర్చుంటారు. గుడ్డు లోపల ఎవరో సైకిలు బెల్లు కొడుతున్నారు. ఎవరో కుళాయి దగ్గర వంతు కోసం తగువాడుతున్నారు.

పొద్దువాలే వేళకి పెంకు చిట్లుతుంది. లోపలి నుంచి ఒక చిన్న వీధి బయటికొస్తుంది, తడితడిగా, ఇంకా కిటికీలు తెరవని ఇళ్ళతో. వణుకుతూ మెడ చాపి, పైడమ్మ వైపు ఎర్రగా నోరు తెరుస్తుంది. ఆమె అన్నం మెత్తగా పిసికి వేలితో పెడుతుంది. వీధి గుటక వేస్తుంది. మొదటి ఇంట్లో దీపం వెలుగుతుంది. తర్వాత ఇళ్ళన్నీ ఒకదాని వెనక ఒకటి కిటికీలు తెరిచి, ఇంకా ముద్ద కావాలని కీచుకీచుమని అరుస్తాయి.