జైల్లో మగ్గం గుంతలు

నిజాం కాలంలో నల్గొండ జైలంటే ఒక రాతి బారకు, చుట్టూ గోడ. తర్వాత పక్కన ఇంకో బారకు లేచింది, వంటశాల వచ్చింది, సబ్‌జైలు కాస్తా జిల్లా జైలైంది. తెలంగాణ వచ్చాక ఆడవాళ్లకు విడిగా బారకు కట్టి, దాని వెనక పని నేర్పడానికి ఒక రేకుల షెడ్డు వేశారు. ఇంత పెరిగినా ఒక్క కట్టడి మాత్రం సడలలేదు. ఖైదీలు మసిలే చోట నేల తవ్వకూడదు. వేపమొక్క నాటాలన్నా హైదరాబాదు నుంచి కాగితం రావాల్సిందే.

ఈ కట్టడి రాజమణి తాత పుణ్యం. సాయుధ పోరాటం రోజుల్లో ఇదే జైల్లో ఖైదీగా ఉన్న ఆ నేతగాడు ఇనుప గరిటతో గోడ కింద కన్నం తవ్వి, తోటివాళ్లను వెంటేసుకుని చెక్కేశాడు. దేవరకొండ దారిలో ఈ కథ తెలియని చాయ్ హోటల్ లేదు. అలాంటివాడి మనవరాలు రాజమణి, ఆడఖైదీలకు నేత నేర్పే పనిలో చేరిన రోజే జైలరు నాగేందర్ ముందు నిలబడి, మగ్గానికొక గుంత తవ్వించమంది.

“గుంతలా? జైల్లనా?” నాగేందర్ కుర్చీలోంచి లేచాడు. “మీ తాత తవ్విన కన్నానికే ఇంకా మాటలు పడుతున్నం. ఇనుప మగ్గాలు తెప్పిస్త తీయమ్మా, బల్ల మీద కూసోని నేస్తరు.”

“నావి గుంత మగ్గాలు సారూ. మనిషి నేల మీద కూసుంటది, కాళ్లు గుంతల పెట్టి తొక్కుతది. మోకాళ్ల లోతు, గంతే. పారిపోయేటోళ్లు మీకు చెప్పి తవ్వుతరా?”

నాగేందర్ మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. ఇలాంటప్పుడు అధికారులు చేసే పనే చేశాడు, చూద్దామన్నాడు.

రాజమణిది ఉత్త మొండితనం కాదు. ఆమె వాడకట్టులో జనం నల్గొండ దుకాణాల్లో, ఆఫీసుల్లో కొలువులకు పోతూ వదిలేసిన మగ్గాలను ఆమె ఒక కిరాయి గదిలో దాచింది. ఇప్పుడా గదిని యజమాని సెల్‌ఫోన్ల షాపుకిచ్చేశాడు, దసరాలోపు ఖాళీ చేయాలి. జైలు వద్దంటే అవి పొయ్యిలోకే. ఎదురింట్లో ఒక మగ్గం చెక్క అలా మండడం చూసిన రోజు ఆమెకు ముద్ద దిగలేదు.

అందుకే వదల్లేదు. పొద్దున్నే వెళ్లి ఆఫీసు ముందు కూర్చునేది. “ఏమాయె సారూ?” అని నవ్వుతూనే అడిగేది, అడిగి అడిగి ప్రాణం తీసేది. చివరికి హైదరాబాదు ఒప్పుకుంది, షరతులతో. గడ్డపార ఖైదీల చేతికివ్వొద్దు. గుంత అడుగున, పక్కలకు సిమెంటు పోయాలి. జైలరు రోజూ సాయంత్రం స్వయంగా చూడాలి.

కాబట్టి తవ్వే పని వార్డర్ల మీద పడింది. ఆడఖైదీలు షెడ్డు గోడకు ఆనుకుని కూర్చుని, ఇంకొంచెం లోతు, ఇంకొంచెం ఎడల్పు అని పని చెబుతుంటే, వార్డర్లు చెమటలు కక్కుతూ తవ్వారు. ఆ జైలు అంత సంబరం ఎన్నడూ చూసి ఉండదు. దసరాలోపే కిరాయి గదిలోని మగ్గాలు ఆ గుంతల మీదికి చేరాయి.

నేత నేర్చుకోవడానికి అందరిలో ఆలస్యంగా వచ్చింది నిర్మలమ్మ. మక్తల్ వైపు రైతుబిడ్డ, ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఏం కేసని రాజమణి అడగలేదు. “నాకు రాదు” అన్నదాన్ని రెక్క పట్టుకుని కూర్చోబెట్టి, కాళ్లు గుంతలో పెట్టించింది. మొదట్లో పోగులు తెంపి ఏడ్చింది. పోను పోను, చెయ్యీ కాలూ కలిశాయి.

ఒక సాయంత్రం బారకులకు తాళాలేసే గంట మోగింది. అందరూ లేచారు, నిర్మలమ్మ లేవలేదు.

“లేమ్మా, టైమైంది” అన్నాడు నాగేందర్.

“జర ఆగుండ్రి సారూ.” తలెత్తకుండానే అంది. “అంచు అయిపోవచ్చింది.”

“రేపు నెయ్యి తల్లీ. గుంతలకెల్లి బయటికి రా.”

పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడె ఆగలేదు. జైలరు దిక్కులేక రాజమణి వైపు తిరిగాడు. “మీరన్న చెప్పుండ్రమ్మా, నా మాట ఇంటలేదు.”

రాజమణికి నవ్వూ కన్నీళ్లూ ఒక్కసారే వచ్చాయి. చెంగుతో కళ్లు తుడుచుకుని, పక్క మగ్గం దగ్గర జాగా చూపించింది.

“జర గాడ కూసోండ్రి సారూ. అయిపోతది.”

నాగేందర్ టోపీ తీసి, తాళాలగుత్తి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక, గుంతలోకే జారవిడిచాడు.