చాలంటే ఎంత

కృష్ణా పుష్కరాలొచ్చిన ఏటి సంగతి. సూర్యారావుపేటలో ఒక ఆసుపత్రి డయాలసిస్ గదిలో వెంకటరత్నమ్మ స్టూలు మీద కూర్చుంది, లేచింది, భర్త కాళ్ళ మీద దుప్పటి సర్దింది, మళ్ళీ కూర్చుంది. మంచం చివర బిగించిన వ్యాయామం పెడళ్ళ వంక చూడలేక ముఖం తిప్పుకుంది. పోయిన మంగళవారం అవి తొక్కుతూనే బసవపున్నయ్య పాలిపోయి కళ్ళు తేలేశాడు. కాళ్ళు పైకెత్తి, సెలైన్ ఎక్కించాక గానీ మనిషి మనిషి కాలేదు. ఇంకొక్కసారి ఇట్లా అయితే పెడళ్ళు తీయించేస్తానని డాక్టరుగారు ఖండితంగా చెప్పేశారు.

తీయించేస్తే ఎట్లా? రెండేళ్ళుగా వారానికి మూడుసార్లు ఈ మంచం మీద పడుకుని పడుకుని ఆయన పిక్కలు పుల్లలైపోయాయి. భవానీపురంలో వాళ్ళుండేది రెండో అంతస్తు. ఉయ్యూరు దగ్గర చెరకు తోటల్లో పొద్దస్తమానం తిరిగిన మనిషిని ఇప్పుడు ఆటో రత్తయ్య చంకలో చెయ్యేసి మెట్లెక్కిస్తుంటే, ఆయన పైకి చేరేదాకా తలెత్తడు. ఆ మెట్లు తనంతట తాను ఎక్కాలని ఆయన పట్టు. ఎక్కించి తీరాలని ఆవిడ పట్టు.

వ్యాయామం చేయించే మార్త వచ్చి, సూదులు లేని చేతికి బీపీ చూసింది.

"మొన్న ఆ మానిటరు డబ్బాలో నాడి అంకె పెరగనే లేదమ్మాయ్. అందుకే నేను ఫర్వాలేదనుకున్నా," అంది వెంకటరత్నమ్మ.

"బాబాయిగారు వేసుకునే బీపీ మాత్ర నాడిని పెరగనివ్వదు పిన్నిగారూ. దాన్ని నమ్ముకోకూడదు. ఎట్లా ఉందో ఆయనే చెప్పాలి. తొక్కుతూ నాలుగు మాటలు మాట్లాడగలిగితే సరిపోయినట్టు. మాట మధ్యలో ఊపిరి అందకపోతే ఎక్కువైనట్టు."

"ఆయన మామూలప్పుడే నాలుగు మాటలు మాట్లాడరు కదమ్మా."

"సందిస్తేగా," అన్నాడు బసవపున్నయ్య.

మార్త నవ్వాపుకుని ఆయన వైపు తిరిగింది. "మొన్న ఏమైంది బాబాయిగారూ?"

"ఏమవుద్దీ, పొద్దున ఇడ్లీ సరిగా తినకుండా..." అని ఆవిడ అందుకోబోతే, మార్త ఆగమన్నట్టు చెయ్యి చూపించింది.

"ఐదు నిమిషాలకి చాలన్నా. ఇంకొక్క రెండు నిమిషాలంది. తొక్కా. మళ్ళీ చాలన్నా. మళ్ళీ రెండంది."

"నాకు వినపళ్ళేదండీ."

"విస్తట్లో అన్నం చాలంటే మాత్రం ఎప్పుడు వినపడింది నీకు?"

ఆవిడ వడ్డన్లో చాలన్న మాట ఎవరికీ చెల్లలేదు. ఆ మాట మొహమాటానికి అనేది, దాని మీద ఇంకో గరిటె పడకపోతే వడ్డించేవాళ్ళకే నామోషీ. నలభై ఏళ్ళుగా ఆయన చాలంటున్నాడు, ఆవిడ వేస్తోంది, ఆయన తింటున్నాడు. పెడళ్ళ దగ్గరా తను చేసింది అదేనని తెలిసేసరికి ఆవిడ స్టూలు కాస్త వెనక్కి జరుపుకుంది.

"తేలిగ్గా మొదలుపెట్టండి. కొంచెం కష్టంగా ఉందనిపించే దగ్గర ఉండండి. బాగా కష్టమయ్యేలోపే చాలనండి," అంది మార్త. "తల తిరిగినా, గుండెల్లో పట్టేసినట్టున్నా ఆ క్షణమే ఆపేయండి. పిన్నిగారూ, ఆయన చాలన్నాక మీరేం అనకూడదు."

పెడళ్ళు కదిలాయి. గోడ గడియారంలో ముల్లు కదలనంటోంది. ఏం పంటలేసేవారని మార్త అడిగింది.

"చెరకు. గట్ల మీద కంది. ఒక ఏడు పసుపేశాం, వానలకి..." మాట తెగింది. ఊపిరి తీసుకున్నాడు. "చాలు."

నాలుగు నిమిషాలే. మొన్న తను ఐదు దాటించిన మనిషి. 'ఇంకొక్క' అన్న మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుంది. పెడళ్ళు ఆగాయి. మార్త కాగితం మీద నాలుగు అని రాసింది, బీపీ చూసి తలూపింది.

పది నిమిషాలు గడిచాయి. ఆయన ముఖం తేటపడింది.

"ఇంకాసేపు తొక్కనా అమ్మాయ్?"

"వద్దండీ, ఇవాళ్టికి..." వెంకటరత్నమ్మ గబుక్కున లేచింది.

"చాలైతే నేనే చెప్తాగా రత్నం."

మార్త సరేనంది. పెడళ్ళు మళ్ళీ కదిలాయి. అక్కడే ఉంటే తన నోరు ఊరుకోదని వెంకటరత్నమ్మ వరండాలోకి నడిచింది. లోపల ఆయన ఆ ఏటి పసుపు ఎట్లా కుళ్ళిపోయిందో మార్తకి చెబుతున్నాడు. నెమ్మదిగా, అయినా ఆగకుండా వస్తోంది గొంతు. అది ఎక్కడ తెగుతుందోనని ఆవిడ తలుపుకి చెవి ఆనించి నిలబడింది.